ఆరని పచ్చచుక్క

మెదక్ బస్టాండు దాటి రామాయంపేట రోడ్డు పట్టుకుని కొంత దూరం పోతే ఎడమ పక్కన ఒక ప్రైవేటు దవాఖానా వస్తుంది. ముందర కొత్త బిల్డింగు, అద్దాల తలుపులు, టోకెన్ నంబర్లు పిలిచే మైకు. వెనకాల వేపచెట్ల మధ్య పాత బ్లాకు. కొత్తది కట్టినప్పటి నుంచి పాతదానికి తాళమే. ఆ దవాఖానాలో కంప్యూటర్ల మంచిచెడ్డలన్నీ చూసేది అంబ్రీన్.

ఆమెకు ఎనిమిదో నెల నడుస్తోంది. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే నడవబుద్ధి కాదు. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టి, కొత్తగా చేరిన మహేష్‌కు పని అప్పజెప్పితే సెలవు. అప్పుడు మంచం మీద వాలి, ఎవరు పిలిచినా పలక్కుండా నిద్రపోవాలి. కోరికలన్నీ అరిగిపోయి ఆమెకు ఆ ఒక్కటే మిగిలింది.

ఆ నిద్రనే ఫోను తినేస్తోంది.

బిల్లింగుకు ఒక కంప్యూటరు, ల్యాబుకు ఒకటి, మందుల షాపుకు ఒకటి అని దవాఖానాలో అందరూ అనుకుంటారు గానీ, అవేవీ విడివిడి పెట్టెలు కావు. మెట్ల కింది ఏసీ గదిలో ఒక పెద్ద సర్వరు ఉంది. ఆ ఒక్క దాని లోపలే ఈ కంప్యూటర్లన్నీ, ఒళ్లంటూ లేకుండా, వేటికవే నడుస్తుంటాయి. వర్చువల్ మిషన్లంటారు వాటిని. వాటి మీద కన్నేసి ఉంచడానికి అంబ్రీన్ ఫోన్‌లో ఒక యాప్ ఉంది. మిషను నడుస్తుంటే పేరు పక్కన పచ్చచుక్క. ఆగిపోతే ఎర్రచుక్క, వెంటనే అలారం.

కొన్ని వారాలుగా ఆ అలారం రాత్రిళ్లు ఊరికే మోగుతోంది. ఏదో మిషను జవాబివ్వడం లేదంటుంది. లేచి చూస్తే అన్నీ పచ్చచుక్కలే. కన్ను మూతపడేసరికి మళ్లీ మోత. పక్కన భర్త హసన్ దుప్పటి ముఖం మీదికి లాక్కుంటూ, "గా ఫోను బంద్ పెట్టరాదు అంబ్రీన్, పరేషాన్ చేస్తున్నది" అనేవాడు. బంద్ పెట్టిన రాత్రే నిజంగా ఏదన్నా ఆగితే ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల రిపోర్టు బయటికి రాదు. అందుకే ఆమె బంద్ పెట్టలేదు. నిద్ర లేని కళ్లతో పొద్దున ఆటో ఎక్కి డ్యూటీకి వచ్చేది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. అంబ్రీన్ మహేష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని యాప్ చూపిస్తోంది. మహేష్ పాపన్నపేట కుర్రాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు.

"మేడం, అన్నిటి కింద ఇదేంది? దీనికి పేరు లేదు."

అంబ్రీన్ కళ్లు నులుముకుని చూసింది. బిల్లింగు, ల్యాబు, ఎక్స్‌రే, మందుల షాపు... వాటి కింద ఇంకో వరుస. పేరుండాల్సిన చోట ఖాళీ. పక్కన పచ్చచుక్క.

"నేను పెట్టింది కాదు," అంది.

రాత్రిళ్లు మోగేది ఇదేనన్నమాట. లోపం దొరికిందంటే సగం పని అయినట్టే అనుకుంది. యాప్‌లో పేరుకున్న పాత డేటా తుడిచింది. వరుస పోలేదు. యాప్ మొత్తం తీసేసి మళ్లీ వేసింది. పోలేదు. ఫోను ఆపి, తిరిగి ఆన్ చేసి, కొత్తగా లాగిన్ అయింది. పోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని నేరుగా సర్వరులోకే తొంగి చూసింది. అక్కడ అలాంటి మిషనే లేదు. అంటే సర్వరు మంచిదే, తప్పంతా యాప్‌ది. మహేష్ ఫోన్‌లో కూడా యాప్ వేయించింది. అందులోనూ పేరులేని వరుస ప్రత్యక్షం.

"చాయ్ తెస్త మేడం, మీరు జర కూసోండ్రి," అని మహేష్ ఫోను చూసుకుంటూనే బయటికి పోయాడు. కారిడారు చివరి నుంచి కేకేశాడు. "మేడం, పోయింది! ఇప్పుడు లేదు."

చాయ్ గ్లాసులతో గదిలోకి వచ్చాడు. వరుస మళ్లీ ఉంది.

"వైఫై కిరికిరి అయ్యుంటది," అంది అంబ్రీన్.

మహేష్ ఊరుకోలేదు. మెట్ల దాకా పోయి చూశాడు, గేటు దాకా పోయి చూశాడు. అంబ్రీన్‌ను కారిడారులో నిలబడమని, తాను రూటరు పక్కన నిలబడి చూశాడు. తిరిగి వచ్చి నవ్వాడు.

"వైఫై కాదు మేడం. మీ దగ్గరికొస్తే కనవడ్తున్నది, దూరం పోతే పోతున్నది."

అంబ్రీన్‌కు నవ్వు రాలేదు. నడుము లాగుతోంది. పేరులేని వరుస మీద వేలు పెట్టింది. ఆ మిషను ఎంత పని చేస్తోందో చూపించే గీత తెర మీదికి వచ్చింది. పనిలేని మిషనుకు గీత చదునుగా ఉంటుంది. పని పడితే గజిబిజిగా లేస్తుంది. ఇది ఆ రెండు తీర్లుగానూ లేదు. చిన్న గుట్ట, పల్లం. మళ్లీ చిన్న గుట్ట, పల్లం. ఒకే ఎత్తున, గబగబా, ఆగకుండా.

గీత కింద ఆ మిషను ఎక్కడ నడుస్తోందో అడ్రసు ఉంది. చదివి ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. అది పాత బ్లాకులో వదిలేసి వచ్చిన పాత సర్వరు. దాని వైరు తన చేత్తో తానే పీకింది.

అప్పుడే మేనేజరు మదన్ మోహన్ తలుపు దగ్గర ఆగాడు. "అంబ్రీన్, పాత బ్లాకుల సామాను తీస్కపోనీకి రేపు పొద్దుగాల స్క్రాప్ ఆయన వస్తుండు. గా సర్వరుల ఏమన్న మిగిలిందా? ఒక్కసారి చూసి చెప్పు, పంపిచ్చేద్దాం."

"చూస్త సార్," అంది. ఇంటికి పోయే ముందు అదొకటి ముగించుకుంటే రేపటికి ఉండదు.

పాత బ్లాకు తాళంచెవి కాన్పుల వార్డులో ఎలిశిబా సిస్టరు దగ్గర ఉంటుంది. పాత రోజుల నుంచి ఆ దవాఖానాలో ఉన్న నర్సు ఆమె ఒక్కతే. తాళంచెవి ఇస్తూ అంబ్రీన్ కడుపు వైపు, బయట మబ్బు వైపు చూసింది.

"పొద్దు గూకుతున్నది బిడ్డా. రేపు పోరాదు?"

"రేపు పొద్దుగాల్నే తీస్కపోతరంట సిస్టర్. ఇప్పుడే వస్త."

"నేను గుడ తోలిచ్చి వస్త ఉండు," అని ఎలిశిబా గొడుగు తీసింది. పాత బ్లాకు తాళం ఆమే తీసింది. ఇంతలో వార్డులోంచి ఎవరో సిస్టర్, సిస్టర్ అని అరిచారు. "లోపట ఎక్కువసేపు ఉండకు," అని చెప్పి వెనక్కి పరుగెత్తింది.

అంబ్రీన్ ఫోను టార్చి వేసుకుని లోపలికి నడిచింది. ఈ బ్లాకుకు కరెంటు లైను ఎప్పుడో కోసేశారు. కారిడారంతా తడిసిన సున్నం వాసన, దాని కింద ఎప్పటిదో ఫినాయిలు వాసన. పైకప్పు నుంచి ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. చినుకు పడినప్పుడల్లా ఖాళీ గదులు ఒకదాని తర్వాత ఒకటి బదులిస్తున్నాయి. వరుసగా ఇనుప మంచాలు, తుప్పు పట్టిన సెలైన్ స్టాండ్లు. ఆమె ఫోనున్న చేతిని గోడకు ఆనించి, ఇంకో చేత్తో కడుపు పట్టుకుని నెమ్మదిగా పోయింది.

చివరి గది తలుపు తోసింది. తోయగానే ఫ్యాను చప్పుడు వినిపించింది.

సర్వరు ఫ్యాను. సన్నగా, గాలి పీల్చి వదిలినట్టు.

టార్చి కింద పాత సర్వరు దుమ్ము కప్పుకుని ఉంది. దాని వైరు నేల మీద పడి ఉంది. ప్లగ్గుకు సాలెగూడు పట్టింది. అంబ్రీన్ వంగలేక వంగి ఆ ప్లగ్గు చేతిలోకి తీసుకుంది, అది దేనికీ తగిలి లేదని తనకు తాను నమ్మకం చెప్పుకోవడానికి. తర్వాత సర్వరు మీద అరచెయ్యి పెట్టింది.

జ్వరం ఒంటిలా వెచ్చగా ఉంది. అరచేతి కింద సన్నటి అదురు. రెండో చేతిలో ఫోను, ఫోన్‌లో గీత. గుట్ట లేచినప్పుడల్లా అదురు.

భయపడటానికి కూడా ఓపిక కావాలి. ఆమెకు అది లేదు. లోపల బ్యాటరీ ఏదో మిగిలి ఉంటుంది అనుకుంది. ఆ బ్యాటరీ ఇన్నాళ్లు ఉండదని తెలిసీ అదే అనుకుంది. ఇది ఆగితే అలారం ఆగుతుంది. అలారం ఆగితే నిద్ర. యాప్‌లో 'ఆపు' నొక్కింది. నిజంగా ఆపాలా అని అడిగింది. అవును.

గీతలో ఆఖరి గుట్ట సగం లేచి చదునుగా పడిపోయింది. పచ్చచుక్క ఎర్రగా మారింది. ఫ్యాను నీరసంగా తిరిగి తిరిగి నిలిచిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, అంబ్రీన్ అక్కడే ఒక ఇనుప స్టూలు మీద కూలబడి కళ్లు మూసుకుంది. దూరంగా మసీదు నుంచి, వానలోంచి, సాయంత్రం నమాజుకు పిలిచే మగ్రిబ్ అజా మొదలైంది. అజా వినపడితే చాలు, కడుపులో బిడ్డ కదలడం మొదలుపెడుతుంది. రెండు నెలలుగా అదే అలవాటు. అత్త షకీలా రోజూ ఆ వేళకు ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి మురిసిపోతుంది.

అజా అయిపోయింది.

బిడ్డ కదల్లేదు.

అంబ్రీన్ కళ్లు తెరిచింది. కడుపు పక్కన వేళ్లతో నొక్కింది. ఇంకో పక్క నొక్కింది. పక్కకు ఒరిగింది. లేచి నిలబడింది. బరువుంది... ఉత్త బరువే ఉంది. సామాను మోస్తున్నట్టు.

కారిడారులో ఎలా నడిచిందో, గొడుగు లేకుండా వానలో ఎలా దాటిందో ఆమెకు గుర్తులేదు. ఎలిశిబా ఆమె ముఖం, కడుపు పట్టుకున్న చేతులు చూసి మంచం మీద పడుకోబెట్టింది. డాప్లర్ తీసింది. కడుపు మీద పెడితే లోపలి బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషను అది. చల్లటి జెల్ రాసి కుడిపక్క పెట్టింది. ఎడమపక్క పెట్టింది. కింద, పైన, మళ్లీ కుడిపక్క. గుర్రుమనే శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

"సిస్టర్..."

"ఉండు బిడ్డా. ఒక్కోసారి గట్ల తిరిగి ఉంటది. డాక్టరమ్మ ఆపరేషన్ల ఉన్నది, చెప్పి పంపిన." చెబుతూనే డాప్లర్‌ను మళ్లీ ఎడమపక్కకు జరిపింది. "ఇప్పటిదాక మంచిగనే ఉండె గద? ఏం చేసినవ్?"

అంబ్రీన్ ఫోను చూపించింది. ఎర్రచుక్క. ఆగిపోయిన గీత. దానికి ముందు వరుసగా గుట్టలు.

"మిషను ఆపిన. గంతే సిస్టర్. పాత సర్వరు."

ఎలిశిబా ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. గీతను వేలితో వెనక్కి జరుపుతూ చూసింది. ఆమె పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. గొంతు బాగా తగ్గించింది.

"గిది మిషను గీత కాదు. కడుపుల బిడ్డ గుండె. ఎన్ని చూసిన నేను..." ఆగి, మళ్లీ అంది. "ఏ గదిల?"

"చివరి గదిల."

ఎలిశిబా గోడకు ఆనుకుంది. "నువ్వు రాకముందు, సర్వరు పెట్టకముందు, అది కాన్పుల గది. ఏడుపాయల జాతరకు వచ్చిన ఒక ఆమెను తీస్కొచ్చిండ్రు. ఎవరో, ఏ ఊరో తెల్వదు. నిండు నెలలు. వచ్చేసరికే మాట లేదు, కొద్దిసేపట్ల పాణం పోయింది. కానీ కడుపుల బిడ్డ గుండె కొట్టుకుంటనే ఉన్నది. మిషనుల గీత వస్తనే ఉన్నది. డాక్టరు రావాలె, కోసి తియ్యాలె... రాలే. గింతల ఇంకో పేషంటుకు కావాలని ఆ మిషనును తీస్కపోయిండ్రు. గీత ఎప్పుడు ఆగిందో ఎవ్వరు చూడలే అంబ్రీన్. అసలు ఆగిందో లేదో ఎవ్వరు చూడలే."

అంబ్రీన్ ఫోను లాక్కుంది. 'ప్రారంభించు' నొక్కింది. చక్రం తిరిగింది... తిరిగింది. సర్వరు దొరకలేదు. మళ్లీ నొక్కింది. దొరకలేదు. జెల్ కూడా తుడుచుకోకుండా మంచం దిగింది.

"ఎటు పోతున్నవ్? పండుకో!"

"దాని దగ్గరికి."

ఎలిశిబా ఆపలేకపోయింది. డాప్లర్ పట్టుకుని ఆమె వెంట పరుగెత్తింది.

చివరి గదిలో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. సర్వరు చల్లబడిపోయి ఉంది. అంబ్రీన్ ప్లగ్గు ఎత్తి గోడకు పెట్టింది. గోడలో కరెంటు లేదు. సర్వరు స్విచ్చి నొక్కింది, నొక్కుతూనే ఉంది. లేదు. నేల మీద చతికిలబడి, వీపు ఆ చల్లటి పెట్టెకు ఆనించి, ఫోన్‌లో మళ్లీ నొక్కింది. వానలో తడిసిన బట్టలు ఒంటికి అంటుకున్నాయి. కడుపు... కదలదు.

నొక్కింది. దొరకలేదు.

నొక్కింది.

ఈసారి తెర మీద వేరే మాట వచ్చింది. ఈ మిషను ఇక పాత సర్వరు మీద లేవదు. వేరే చోటికి తరలించాలా?

కింద అవును, కాదు. ఏ చోటికి అన్న దగ్గర ఖాళీ.

"వద్దు బిడ్డా," ఎలిశిబా గుసగుసగా అంది. "యాడికో తెల్వకుంట నొక్కకు."

ఏ చోటికో అంబ్రీన్‌కు తెలుసు. తెలియదని చెప్పుకోలేకపోయింది. అలసిపోయిన కళ్లతో ఎలిశిబా వైపు ఒకసారి చూసింది.

"ఇంకేం చెయ్యమంటవ్ సిస్టర్?"

అవును నొక్కింది.

తెర మీద ఒక సన్నటి పట్టీ నిండటం మొదలైంది. మెల్లగా... చాలా మెల్లగా. వీపు వెనకాల పెట్టె వెచ్చబడింది. ఆ వేడి అక్కడ ఆగలేదు. నడుములోకి వచ్చింది. నడుములోంచి ముందుకు పాకింది. గదిలో వేపాకు పొగ, పసుపు, రక్తం కలిసిన వాసన. ఇప్పుడే కాన్పయిన గదిలో ఉండే వాసన. ఎలిశిబా ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది.

పట్టీ నిండింది. తరలింపు పూర్తయింది.

లోపలి నుంచి ఒక తన్ను.

అంబ్రీన్ కెవ్వున అరిచింది. ఎలిశిబా మోకాళ్ల మీద కూలబడి డాప్లర్ పెట్టింది. చీకటి గది నిండా చప్పుడు. గబగబా, ఒకే తీరుగా, ఆగకుండా. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. యాప్‌లో పేరులేని వరుస లేదు.

డాక్టరమ్మ వచ్చి చూసి అంతా బాగానే ఉందంది. స్కానింగులోనూ బాగానే ఉంది. మర్నాడు స్క్రాప్ ఆయన ఆటో ట్రాలీలో పాత సర్వరు వేసుకుని పోయాడు. అంబ్రీన్ ఆ రోజు నుంచే సెలవు పెట్టింది. ఆ సంగతి ఎలిశిబా ఎవరికీ చెప్పలేదు, అంబ్రీన్ కూడా చెప్పలేదు. చెబితే ఏమని చెప్పాలి? రాత్రిళ్లు అలారం మోగడం ఆగిపోయింది. ఎంతకాలానికో అంబ్రీన్ ఒళ్లెరగకుండా నిద్రపోయింది. కలలు కూడా రాలేదు.

నెలలు నిండి కాన్పు అయింది. ఆడపిల్ల. బొద్దుగా, తలనిండా జుట్టుతో. హసన్ బజారులో కనపడ్డవాళ్లందరికీ మిఠాయి పంచాడు. ఎలిశిబా బిడ్డను తుడిచి ఇచ్చేటప్పుడు ముఖంలోకి చాలాసేపు చూసింది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం షకీలా వంటింట్లో పని చేసుకుంటోంది. గదిలో ఫ్యాను కింద అంబ్రీన్ పిల్లను ఒళ్లో వేసుకుని ఉంది. పిల్ల ఆకలికో, ఉక్కకో గుక్కపట్టి ఏడుస్తోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది.

ఏడుపు కూడా ఆగింది. సగం గుక్కలో, కోసినట్టు.

"చూస్తివా బేటీ," వంటింట్లోంచి షకీలా నవ్వింది. "కరెంటు పోతే చాలు, చప్పుడు చెయ్యదు. నిన్న గుడ గట్లనే చేసింది. మంచి పిల్ల. వీళ్ల నాయిన చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేస్తుండె."

నిన్న కూడా. అంబ్రీన్ పిల్ల వైపు చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కిటికీలోంచి పడే ఎండ ముఖం మీద ఉన్నా రెప్ప వాలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. తన ఊపిరేనా తగులుతోంది? పిల్లదా? తెలియలేదు. కొత్తగా ఏదన్నా లోపం కనపడితే ఒక్కొక్కటే సరిచూసుకోవడం ఆమెకు ఏళ్ల అలవాటు. చెయ్యి పట్టి చూసింది. పాదం గిల్లింది. ఎక్కడా కదలిక లేదు. ఒంగి, చెవిని ఆ చిన్న ఛాతీకి ఆనించింది.

వీధిలో ఎవరో నడిచిపోయారు. దూరంగా చర్చి గంట మోగింది. వంటింట్లో గిన్నె చప్పుడు.

చెవి కింద ఏమీ లేదు.

అమ్మీ అని అత్తను పిలవబోయి, చప్పుడైతే వినపడదని ఆగింది. చెవి తీయలేదు, తీయడానికి ధైర్యం లేదు. కరెంటు రావాలి... వస్తుంది... నిన్న వచ్చింది కదా. గుండె చప్పుడు కోసం వింటూ అలాగే ఉండిపోయింది.

చప్పుడు రాలేదు. పిల్ల చల్లటి వేళ్లు మాత్రం ఆమె వేలిని పట్టుకున్నాయి. గట్టిగా పట్టుకున్నాయి. ఇంకా బిగిస్తున్నాయి.